మునిలక్ష్మి పేరు కొట్టేయండి

మధ్యాహ్నం పన్నెండున్నర గంట మోగగానే మూడో లైనులో మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. హెప్సిబా టిఫిన్ డబ్బా తీసుకుని మేడమీది రేకుల షెడ్డుకి వెళ్ళి, గోడవారగా తనకూ మునిలక్ష్మికీ చోటు ఆపింది. హెప్సిబా కాలర్లు కుడుతుంది. పక్క మిషన్ మీద మునిలక్ష్మి ఆ కాలర్లను చొక్కాలకు అతుకుతుంది. రెండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే గోడ, ఒకే ఊరగాయ.

ఆ రోజు మునిలక్ష్మి వచ్చింది గానీ కూర్చోలేదు. ఫోను తీసి హెప్సిబా మొహం ముందు పెట్టింది.

“చదువు మే. రాసింది నువ్వే గదా, నువ్వే చదువు.”

ఫోనులో ఒక కాగితం ఫొటో. కన్నడంలో వరసగా పేర్లు. ఆ అక్షరాలు తనవేనని హెప్సిబా చూడగానే గుర్తుపట్టింది. ప్రకాశం జిల్లాలో తెలుగు బడిలో చదివిన పిల్ల, బొమ్మనహళ్ళి వచ్చిన ఆర్నెల్లకే కన్నడ అక్షరాలు పట్టేసింది. బడిలో మాస్టారు మెచ్చుకున్న ఆ ముత్యాల రాతే ఇక్కడా వచ్చింది. నూట పదిహేడో నంబరు: మునిలక్ష్మి, భర్త మంజునాథ్. ఆ పక్కన, బాప్తిస్మం పొందిన సభ్యురాలు.

“నేనెప్పుడు మే మీ నీళ్ళల్లో మునిగింది? నాకు తెలీకుండా నిద్రలో ఎత్తుకోనిపోయి ముంచితిరా?”

“సోపు గూడా పూసినారేమో అడుగక్కా,” అంది చెకింగ్ టేబుల్ సౌమ్య. షెడ్డులో ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

మునిలక్ష్మి నవ్వలేదు. “నిన్న మా ఇంటికాడికి జాత్ర పెద్ద వెంకటగిరియప్ప వచ్చి ఈ ఫోటో చూపించి పోయినాడు. వచ్చే మంగళవారం అమ్మవారి జాత్ర. తొమ్మిదేండ్లుగా మా ఇంటి ఆరతి నేనే ఎత్తుతా ఉండాను. ఈ తూరి ఎత్తకూడదంట. కిరస్తానీ అయిపోయినదాని నెత్తిన అమ్మవారి దీపం పెట్టేది లేదంట. మీ చర్చినుంచి కాగితం తెస్తే సరే, లేకుంటే లేదన్నాడు. మా అత్త అన్నం తినలేదు. మా ఆయన నాతో మాట్లాడేదే లేదు. ఎందుకు రాస్తివి మే?”

బొమ్మనహళ్ళి పాత ఊళ్ళో జాతరనాడు ఇంటికొక ఆడమనిషి తంబిట్టు దీపం మోస్తుంది. బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, నడుమ గుంటలో నెయ్యి పోసి వత్తి వెలిగించి, పళ్ళెం నెత్తిన పెట్టుకుని గుడిదాకా చెయ్యి ఆనించకుండా నడుస్తుంది. ఏ ఇంటి దీపం ఆగిపోతే ఆ ఇంటికి ఏడాదంతా మాటలే. మునిలక్ష్మి ఏడాదిలో గర్వంగా చెప్పుకునే సంగతి అదొక్కటే.

హెప్సిబా దగ్గర జవాబు ఉంది. అది నోటితో చెప్పడానికి సిగ్గయింది.

జరిగింది ఇదీ. హోసూరు రోడ్డు వెనక సందులో వాళ్ళ తెలుగు బాప్టిస్టు చర్చి ఉంది. సభ్యులు యాభై ఎనిమిది మంది, ఎక్కువ మంది గార్మెంట్స్ వాళ్ళే. రేకుల కప్పు. వానొస్తే ప్రసంగం వినపడదు, బల్లలు జరుపుకోవడంతోనే ఆరాధన అయిపోతుంది. ఆ వార్డులో రేపో మాపో ఎలక్షన్లలో నిలబడాలని తిరుగుతున్న హేమంత్‌కుమార్ ఒక ఆదివారం వచ్చి, గవర్నమెంటు గ్రాంటు ఇప్పిస్తాను, స్లాబు వేయించుకోండి అన్నాడు. లిస్టు పెద్దగా ఉండాలి, నూట యాభై పేర్లకు తగ్గితే ఫైలు కదలదు అన్నాడు. పాస్టరు జకరయ్యగారు హెప్సిబాను పిలిచారు. ఆమె సంఘానికి సెక్రటరీ. సభ్యుల రిజిస్టరు ఆమె దగ్గరే ఉంటుంది. రిజిస్టరులో ఉన్నవాళ్ళు అయిపోయాక ఆయన బీరువాలోంచి క్రిస్మస్ నాటి సందర్శకుల పుస్తకం తీసి పేర్లు చదవడం మొదలుపెట్టారు.

ఆ క్రిస్మస్‌కి మునిలక్ష్మి హెప్సిబా పిలిస్తేనే వచ్చింది. పిల్లల నాటకం చూసి, బిర్యానీ తిని, బల్ల మీదుగా పుస్తకం వస్తే అందరిలాగే పేరు రాసింది. ఆవిడ చేసిన నేరం అంతే.

‘మునిలక్ష్మి’ అని అయ్యగారు చదివినప్పుడు హెప్సిబా పెన్ను ఆగింది. తల ఎత్తి ఆయన వంక చూసింది. “రాయమ్మా, టైమవుతోంది,” అన్నారాయన. రాసింది. పెద్దవాళ్ళు చెబితే రాయడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ లిస్టు ఒక కాపీ గ్రాంటు ఇచ్చే గవర్నమెంటు ఆఫీసుకి వెళ్ళింది, ఒకటి హేమంత్‌కుమార్ జేబులోకి వెళ్ళింది. అమ్మవారి జాతరకు సీరియల్ లైట్లు కట్టిస్తున్నదీ అతనే. ఆ చర్చిలో నాకెన్ని ఓట్లున్నాయో చూడు అని జాతర కమిటీ పెద్ద వెంకటగిరియప్పకు గొప్పగా చూపించాడు. ఆ పెద్దమనిషి ఓట్లు లెక్కపెట్టలేదు, పేర్లు చదివాడు.

“నాది తప్పక్కా,” అంది హెప్సిబా. “కాగితం నేను తెస్తాను.”

“తెస్తేనే నీ పక్కన కూర్చుంటా,” అని మునిలక్ష్మి డబ్బా తీసుకుని సౌమ్య పక్కకు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగి హెప్సిబా నేరుగా పాస్టరుగారి ఇంటికి వెళ్ళింది. జకరయ్యగారు చెడ్డ మనిషి కాదు. సంఘంలో ఎవరికి జబ్బు చేసినా ఆసుపత్రి బెంచీ మీద కూర్చునేది ఆయనే. పిల్లవాడి చేత టీ తెప్పించి ఇచ్చారు. సంగతంతా విన్నారు.

“పేరు రాస్తే ఏం పోయిందమ్మా? ఆవిడ మతం మారిపోయిందా? ఆవిడ దేవుణ్ణి ఆవిడ మొక్కుకోవచ్చు, ఎవరొద్దన్నారు?”

“వెంకటగిరియప్పగారు వద్దంటున్నారయ్యగారూ. మన కాగితం చూపించే వద్దంటున్నారు.”

“ఆవిడ మా సభ్యురాలు కాదని నేను రాసిస్తే లిస్టు అబద్ధమని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు కదా. ఫైలు పోతుంది. వానాకాలం వస్తోంది తల్లీ.”

హెప్సిబా టీ గ్లాసు కింద పెట్టింది. “అయ్యగారూ, మీ అబ్బాయి జాషువా పేరు లిస్టులో ఎందుకు రాయలేదు?”

“వాడి పేరెలా రాస్తాం? వాడికి పదకొండేళ్ళు. వాడింకా తన నోటితో ఒప్పుకుని...” అని జకరయ్యగారు ఆగిపోయారు. తరవాత గొంతు మార్చి, “ఆదివారం సంఘ కూటంలో పెడదాం. సంఘం ఏమంటే అది,” అన్నారు.

ఆమె నడుచుకుంటూ గదికి వచ్చింది. దారి పొడవునా ఒక పాత సంగతే గుర్తొచ్చింది.

పదమూడో ఏట తన ఊళ్ళో బాప్తిస్మం అడిగింది తను. స్నేహితురాళ్ళు తీసుకుంటున్నారని అడిగింది. అక్కడి ముసలి పాస్టరుగారు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, “నీ కోసం అడుగుతున్నావా, మీ అమ్మ మెచ్చుకుంటుందని అడుగుతున్నావా?” అన్నారు. జవాబు తడబడింది. పొమ్మన్నారు. మూడేళ్ళు ఆగింది. పదహారో ఏట సాగర్ కాలువలో నడుము లోతున నిలబెట్టి, గట్టున ఊరంతా వింటుండగా, “నిన్నెవరైనా బలవంతం చేశారా? ఎవరైనా ఏదైనా ఇస్తామన్నారా?” అని రెండుసార్లు అడిగారు. లేదని రెండుసార్లు గట్టిగా చెప్పాకే ముంచారు. పేరు ఆ తరవాతే రిజిస్టరులో ఎక్కింది. ఆ ముసలాయనే చెప్పేవారు: “పూర్వం కొన్ని దేశాల్లో రాజుగారి చర్చికి పన్ను కట్టం, పసిబిడ్డల తలమీద నీళ్ళు చల్లం అన్నందుకు మనలాంటి వాళ్ళను జైల్లో పెట్టారు, కొరడాలతో కొట్టారు. అందుకే మనం రాజును డబ్బడగం. రాజు మన లెక్కలడగనక్కర్లేదు. మనిషికీ దేవుడికీ మధ్య మూడోవాడు రాకూడదు, ఆ మూడోవాడు పాస్టరైనా సరే.”

తన పేరు ఎక్కడానికి మూడేళ్ళు పట్టింది. మునిలక్ష్మి పేరు ఎక్కడానికి మూడు క్షణాలు పట్టింది. అదీ తన చేత్తో.

ఆదివారం ఆరాధన అయ్యాక కూటం పెట్టారు. వేదిక మీద, పాస్టరుగారి కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేసి హేమంత్‌కుమార్‌ని కూర్చోబెట్టారు. మెడలో శాలువా. సంఘ పెద్దల్లో ఒకరైన డీకన్ ఆనందరావు గారు లేచి, ఈ అన్న వల్ల మన కష్టాలు తీరబోతున్నాయి అని చప్పట్లు కొట్టించారు. ఇంకేమైనా విషయాలున్నాయా అని జకరయ్యగారు అడిగారు. ఎవరూ లేవరు కదా అన్నట్టు అడిగారు.

హెప్సిబా లేచింది. ఆ సంఘంలో ఆమె గొంతు మినిట్స్ చదివేటప్పుడు తప్ప ఎవరూ వినలేదు.

“గ్రాంటుకి పంపిన లిస్టులో నూట యాభై రెండు పేర్లున్నాయి. మనం యాభై ఎనిమిది మందిమి. తక్కినవి సందర్శకుల పుస్తకంలోవి. నేనే రాశాను. అందులో మా కంపెనీ మునిలక్ష్మి అక్క ఉంది. ఆమె హిందువు. మన లిస్టు చూపించి వాళ్ళ ఊరివాళ్ళు ఆమెను జాతరలో దీపం ఎత్తొద్దంటున్నారు. లిస్టు వెనక్కి తీసుకుని, ఆమె మన సభ్యురాలు కాదని కాగితం ఇవ్వాలని నేను ప్రతిపాదిస్తున్నాను.”



“విగ్రహం ముందు దీపం ఎత్తడానికి మనం సిఫారసు ఉత్తరం రాయాలా?” అన్నారు ఆనందరావు గారు. “బాగుందమ్మా నీ సాక్ష్యం! రేపు నువ్వే పక్కన నిలబడి నెయ్యి పోస్తావేమో!”

కొంతమంది నవ్వారు. హెప్సిబా కూర్చోలేదు.

“నేను పొయ్యను డీకన్‌గారూ. నేను మొక్కను. ఆమె వచ్చి మన ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుందా? లేదు. నేను వెళ్ళి ఆమె దీపం ఆర్పొచ్చా? ఈ లిస్టుతో మనం ఆ పనే చేశాం. రేపు మనల్నెవరైనా అడక్కుండా వాళ్ళ పుస్తకంలో రాసుకుని, మీరు చర్చికి వెళ్ళడానికి లేదంటే రోడ్డుమీద ఏడవమా? మన బిడ్డల పేర్లే మనం రాసుకోమే, వాళ్ళ బిడ్డను రాసుకునే హక్కు మనకెవరిచ్చారు?”

“తంగీ, చెల్లెమ్మా, ఆవేశం వద్దు,” అన్నాడు హేమంత్‌కుమార్ కుర్చీలోంచే, కన్నడం కలిసిన తెలుగులో. “ఆ వెంకటగిరియప్పకు నేను ఒక మాట చెప్తే అయిపోతుంది. గుడీ నాదే, చర్చీ నాదే.”

“మీదేమిటన్నా?” అంది హెప్సిబా. “మీరు అక్కడెందుకు కూర్చున్నారు? మా కూటంలో సభ్యులు తప్ప ఎవరూ కూర్చోరు. ఇక్కడ అయ్యగారికీ ఒక్కటే ఓటు, నాకూ ఒక్కటే ఓటు. మీకు ఒక్కటీ లేదు.”

ఆనందరావు గారు “ఏయ్!” అన్నారు. వెనక వరసలోంచి సంతోషమ్మ, ఒకప్పుడు కంపెనీలో దారాలు కత్తిరించిన డెబ్బై ఏళ్ళ ముసలమ్మ, చెయ్యెత్తింది. “పిల్ల ప్రతిపాదనను నేను బలపరుస్తున్నా.”

ప్రతిపాదన వచ్చాక, ఒకరు బలపరిచాక, ఓటు పెట్టకుండా తప్పించుకునే దారి ఆ సంఘంలో లేదు. చేతులెత్తమన్నారు. లిస్టు వెనక్కి తీసుకోవాలన్నవాళ్ళు పదిహేడు మంది. వద్దన్నవాళ్ళు ఇరవై ఇద్దరు. నలుగురు ఎటూ ఎత్తలేదు. కప్పు వంక చూస్తూ కూర్చున్నారు.

“సంఘం నిర్ణయించింది,” అన్నారు జకరయ్యగారు. ఆయన గొంతులో సంతోషం లేదు. “మినిట్స్‌లో రాయమ్మా.”

హెప్సిబా మినిట్స్ పుస్తకం తెరిచింది. తారీకు వేసింది. అప్పుడు సంతోషమ్మ కూర్చున్న చోటు నుంచే, ఎవరితోనూ కాకుండా అంది: “ఇంతకీ ఆ పిల్లేదీ? ఆ పిల్ల ఇక్కడ లేదు. ఆ పిల్ల దేవుడెవరో మనం చేతులెత్తి లెక్కపెట్టామా? ఓరి నాయనో, నేను కూడా ఎత్తానే!”

హెప్సిబా పెన్ను ఆగింది. ముసలమ్మ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. గోడ సున్నం దగ్గర్నుంచి పాస్టరుగారి జీతం దాకా అన్నిటికీ ఓటు పెట్టుకునే అలవాటుతో తనే మునిలక్ష్మిని ఓటుకు పెట్టింది. ఇరవై ఇద్దరు ఇటు, పదిహేడు మంది అటు. లెక్క తిరగబడి తను గెలిచి ఉంటే మాత్రం? అప్పుడు మునిలక్ష్మి ఇరవై ఇద్దరి దయతో హిందువయ్యేదా? ఆమెది ఆమెదే. అడగవలసింది ఈ నలభై మందిని కాదు.

“నేను రాయను,” అంది.

“ఏంటమ్మా?”

“ఇది సంఘం నిర్ణయించే సంగతి కాదయ్యగారూ. నేను ప్రతిపాదించడమే తప్పు. ఇది రాయను. లిస్టు నా చేత్తో రాశాను కాబట్టి అది తప్పని కూడా నా చేత్తోనే రాస్తాను. మీ పేరు ఎత్తను. సీలు అడగను.” మినిట్స్ పుస్తకం, రిజిస్టరు, బీరువా తాళంచెవి వేదిక అంచున పెట్టి బయటికి నడిచింది. చెప్పులు వేసుకుంటుంటే లోపల ఆనందరావు గారి గొంతు వినపడుతూనే ఉంది.

సోమవారం పొద్దున సగం రోజు పర్మిషన్ అడిగితే సూపర్‌వైజర్ చిరాకు పడ్డాడు. లైనులో రెండు మిషన్లు ఖాళీ అయితే టార్గెట్ ఎవరిస్తారన్నాడు. జీతం కోసుకోమని చెప్పి హెప్సిబా, మునిలక్ష్మి బస్సెక్కారు. మునిలక్ష్మి కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు మీద మాత్రం తన సంచి పెట్టలేదు.

గ్రాంటు ఆఫీసులో గుమాస్తా హెప్సిబా రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాడు. ‘నేను, హెప్సిబా, ఈ లిస్టును రాసిన మనిషిని. ఇందులో నూట పదిహేడో నంబరు మునిలక్ష్మి మా సభ్యురాలు కాదు, ఎన్నడూ కాదు. ఆమెను అడక్కుండా రాశాను. ఇలాగే ఇంకా తొంభై మూడు పేర్లున్నాయి. కొట్టేయండి.’

“పేర్లు చేర్చమని వస్తారు. తగ్గించమని వచ్చింది మీరే,” అన్నాడతను. “మీ పాస్టరు సంతకం లేదే? సుమ్మనే, ఊరికే ఒక మనిషి అర్జీ మీద మేము కొట్టెయ్యలేం.”

“ఆమెను అడక్కుండా రాస్తే తీసుకున్నారు కదా సార్. ఆమె స్వయంగా వచ్చి ఎదురుగా నిలబడి కాదంటే తీసుకోరా?”

గుమాస్తా మునిలక్ష్మిని అప్పుడే చూసినట్టు చూశాడు. నకలు మీద అందినట్టు ముద్ర కొట్టి ఇచ్చాడు.

ఆ ముద్ర కాగితం పట్టుకుని పాత ఊళ్ళో వెంకటగిరియప్ప ఇంటికి వెళ్ళారు. ఆయన అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. మునిలక్ష్మి అత్త భాగీరథమ్మ అప్పటికే వచ్చి స్తంభం పక్కన నిలబడి ఉంది.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. “చర్చి సీలు యాడమ్మా? ఇది ఎవురో ఆడపిల్ల రాసింది. సరే, ఒక పని చెయ్యి. రేపు గుడి ముందర పదిమందిలో నిలబడి, నేను కిరస్తానీ కాదు, ఎన్నడూ ఆ పక్కకు పోను అని పసుపు నీళ్ళు ముట్టి చెప్పు. అయిపోతాది.”

మునిలక్ష్మి తల దించుకునే ఉంది. చెబుతుందనుకుంది హెప్సిబా. చెప్పేస్తే పని అయిపోతుంది కదా అని కూడా అనుకుంది.

“చెప్పను పెద్దాయనా,” అంది మునిలక్ష్మి.

“ఏమిటీ?”

“తొమ్మిదేండ్లు ఎత్తినాను. ఒగనాడు గూడా నన్ను అడగలేదు మీరు. ఇప్పుడు దొంగను నిలబెట్టినట్ల నిలబెట్టి అడుగుతా ఉండారు. నా పేరు వాళ్ళు రాసుకునిరి, నన్ను అడగలా. నా దీపం మీరు ఆపితిరి, నన్ను అడగలా. నేనేమి గోడకు అతికించే పోస్టరా? వచ్చే క్రిస్మస్సుకు ఈ పిల్ల పిలిస్తే మళ్ళా పోతా, బిర్యానీ తింటా. మంగళవారం ఆరతి ఎత్తుతా. ఆపేవాడు ఎవుడో అమ్మవారి ఎదురుగా వచ్చి నా నెత్తి మీది పళ్ళెం దించమను.”

వెంకటగిరియప్ప మొహం ఎర్రబడింది. “భాగీరథమ్మా, ఇంటావుండావా నీ కోడలి మాటలు?”

భాగీరథమ్మ కొంగు బిగించింది. “ఇంటా ఉండానప్పా. ఎండలో కాళ్ళు బొబ్బలెక్కినా తొమ్మిది తూర్లు దీపం మోసింది నా కోడలు. నీ కాగితం ఎన్ని తూర్లు మోసింది? నాల్గు దినాలు నీ మాట నమ్మి పస్తుండాను, నాకు బుద్ధి లేదు. పద మే, బియ్యం నానబెట్టాల.”

మంగళవారం ఎవరూ పళ్ళెం దించలేదు. వెంకటగిరియప్ప గుడి లోపలే ఉండిపోయాడు. హెప్సిబా వీధి చివర మందుల షాపు మెట్టు మీద నిలబడి చూసింది. చేతులు జోడించలేదు, ప్రసాదం తీసుకోలేదు. మునిలక్ష్మి మెడ నిటారుగా పెట్టి, చేతులు వదిలేసి, తప్పెట్ల మధ్య ఆమె ముందునుంచే నడిచి వెళ్ళింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం ఇద్దరూ మళ్ళీ అదే గోడ దగ్గర కూర్చున్నారు. చర్చిలో మాత్రం హెప్సిబా కూర్చునే బల్ల మీద సంతోషమ్మ తప్ప ఎవరూ కూర్చోవడం లేదు. సెక్రటరీగా ఆనందరావు గారి కొడుకును పెట్టుకున్నారు. గ్రాంటు వస్తుందనీ రాదనీ రెండు మాటలూ వినపడుతున్నాయి. వానలు మొదలయ్యాయి.

లిస్టు ఇంకా ఆఫీసులో అలాగే ఉంది. రెండు శనివారాలు హెప్సిబా వెళ్ళి అడిగి వచ్చింది. మూడోసారి గుమాస్తా నవ్వి, “ఆవిడ దీపం మోసేసిందని నువ్వే చెప్పావు కదమ్మా. ఇంకా ఎందుకు తిరుగుతావు?” అన్నాడు.

“రేపు ఇంకో వెంకటగిరియప్ప దాన్ని చదువుతాడు సార్. ఇంకో తొంభై మూడు మంది ఉన్నారు. వాళ్ళకు తెలియను కూడా తెలియదు.”

“సాహెబ్రు మీటింగులో ఉన్నారు. లేటవుతుంది.”

“ఉంటాను,” అని హెప్సిబా వరండాలో బెంచీ మీద కూర్చుంది.